చాబీ ఎవరింట్లో ఉంటే వాళ్ళకే ఆఖర్న నీళ్ళు

ఇందుమూలంగా స్మృతి నగర్ చివరి వీధి వాసులకూ, ఆ వీధిని నమ్ముకుని బతికే కుక్కలకూ, కూరల బండి వాళ్ళకూ తెలియజేయడమేమనగా, ఇకపై సాయంత్రం పూట వీధి మొదట్లో చుట్ట కంపు ఉండదు. ఉతికిన బట్టలు నిర్భయంగా ఆరేసుకోవచ్చు. ఎవరింటి ముందు డ్రమ్ము వంకరగా ఉన్నా అడిగేవారు లేరు. సబ్బు నీళ్ళు నడివీధిలో పారబోసుకోవడానికి కూడా అనుమతి ఇవ్వడమైనది. కారణం, అత్త పోయింది.

పోయి నెల కావస్తోంది. ఆదివారం మాసికం. ఆ రోజు పంచడానికి మన తెలుగువాళ్ళ సంఘంవారు చిన్న పుస్తకం వేస్తూ మొదటి వ్యాసం నన్ను రాయమన్నారు. మా వీధిలో ఎమ్మెస్సీ చదివినవాళ్ళున్నారు, భిలాయి ఉక్కు ప్లాంటులో పెద్ద హోదాలో రిటైరైన ఆఫీసరు గారున్నారు, తెలుగు టీచరుగా చేసినావిడ ఉన్నారు. నేను ఇంటర్ రెండుసార్లు రాసి, నాకు కాక పరీక్షలకే విసుగొచ్చాక మానేసినవాణ్ణి. హథ్‌ఖోజ్‌లో ఒక రేకుల షెడ్డు, ఒక లేతు మిషను, ఒంటినిండా ఇనప రజను, ఇదీ నా పాండిత్యం. అయినా నన్నే ఎందుకు అడిగారంటే, ఆవిడ ఆఖరి మాట విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. మా వీధి బోరుకి మళ్ళీ తాళం పడుతుందా లేదా అన్నది ఇప్పుడు ఆ మాట మీదే వేలాడుతోంది. కనుక శ్రద్ధగా చదవండి. చదివాక ఈ కాగితాల్లో పకోడీలు పొట్లం కట్టుకున్నా అత్త ఏమీ అనుకోదు.

అత్త నాకు చుట్టం కాదు. మా నాన్న, ఆవిడ భర్త కోక్ ఓవెన్ల దగ్గర ఒకే షిఫ్టు. సెక్టర్ 7లో గోడకి అటూ ఇటూ క్వార్టర్లు. మా అమ్మ ఆవిణ్ణి వదినా అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది, నేను అల్లుణ్ణయ్యాను. ఆవిడ కూతురు మాత్రం నన్ను భయ్యా అంటుంది. ఈ లెక్కన వావివరసలు ఎక్కడికో పోతాయి గాని, భిలాయిలో అవన్నీ ఎవరు పట్టించుకుంటారు? స్మృతి నగర్‌కి వచ్చాక వీధి వీధంతా ఆవిణ్ణి అత్త అనడం మొదలుపెట్టింది. పక్కింటి ఛత్తీస్‌గఢీ వాళ్ళూ, ఎదురింటి బిహారీ వాళ్ళూ అది ఆవిడ పేరే అనుకుని, గౌరవానికి ఒక తోక తగిలించి అత్తాజీ అన్నారు. ఆవిడ వాళ్ళతో ఆడామగా తేడా లేని హిందీ మాట్లాడేది. వాళ్ళకి అర్థమయ్యేది. భయం వేసినప్పుడు భాష తొందరగా వస్తుంది.

నిప్పున్న కొసని నోట్లోకి తిప్పి కాల్చే అడ్డపొగ అలవాటు ఆవిడకి శ్రీకాకుళం వైపు నుంచి కాపరంతో పాటు వచ్చింది. కొత్తగా చూసినవాళ్ళు ఆ నోట్లోంచి పొగ రావడం చూసి ఒక అడుగు వెనక్కి వేసేవారు. నిప్పు లోపలుంటే నాలుక జాగ్రత్తగా ఉంటుందని ఆవిడ వాదన. శుద్ధ అబద్ధం. ఆ నాలుక ఏనాడూ జాగ్రత్తగా లేదు. ఎవరింటి గేటు దగ్గరైనా ఆగి “ఏటి కూర?” అని అడిగేది, జవాబు వినకుండానే వెళ్ళిపోయేది. మనకి జ్వరమొస్తే మజ్జిగ పంపించే మనిషి కాదు, తిట్లు పంపించేది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మా ఆవిడతో, మీ ఆయన చచ్చేటట్టుంటే ముందు నా తలుపు గడియ బాగుచేసి చావమను అని కబురు పెట్టింది. నేను బతికి ఆ గడియ బాగుచేశాను. టీ ఇచ్చింది. చక్కెర వెయ్యలేదు.

ఇక బోరు సంగతి. మా నాన్నల తరం రిటైరై సెక్టర్ క్వార్టర్లు ఖాళీ చేసి ఈ వీధిలో ఇళ్ళు కట్టుకున్నారు. ఎవరి బోరు వాళ్ళు వేసుకుందామనుకుంటే నేల ఒప్పుకోలేదు. ఒకరికి రాయి తగిలింది, ఇంకొకరికి దుమ్ము లేచింది. చివరికి వీధి మధ్య ఖాళీ జాగాలో నీళ్ళు పడ్డాయి. అందరం కలిసి వేసుకున్న బోరు అది, ఏ ఒక్కరిదీ కాదు. దాని నుంచి ఒక్క గొట్టం వీధి పొడవునా వెళుతుంది. ప్రతి ఇంటి ముందూ చిన్న గోతిలో ఒక వాల్వు. ఆ వాల్వు తిప్పడానికి అడ్డ పిడి ఉన్న ఇనప కడ్డీ ఒకటి నా షెడ్డులో చేశాను. హిందీలో తాళం చెవిని అన్నట్టు, దాన్ని అందరం చాబీ అంటాం. ఒకసారికి ఒక ఇంటి వాల్వే తెరవాలి. రెండు తెరిస్తే రెండిళ్ళకీ గాలే వస్తుంది.

వానాకాలంలో ఎవరూ ఎవరినీ అడగలేదు. ఎండాకాలం వచ్చి, నౌతపా అని ఇక్కడివాళ్ళు చెప్పుకునే ఆ మండే రోజులు మొదలయ్యేసరికి బోరు దగ్గడం మొదలుపెట్టింది. ముందు పట్టుకున్నవాళ్ళకి నీళ్ళు, ఆఖరివాళ్ళకి బురద. వీధిలో మొదటిసారి చెయ్యి చేసుకోవడం జరిగింది. ఆ సాయంత్రం మగవాళ్ళందరూ కుర్చీలు వేసుకుని కమిటీ పెట్టాలని కూర్చున్నారు. కమిటీ అంటే అధ్యక్షుడు కావాలి. అధ్యక్ష పదవికి ఎంతమంది తయారయ్యారంటే, ఓటు వెయ్యడానికి మనుషులు మిగల్లేదు. అప్పుడు అత్త తన స్టూలు తెచ్చుకుని మధ్యలో వేసుకుంది.

“మీకు పెద్ద గావాలా, నీళ్ళు గావాలా?” అంది.

నిజం చెప్పాలంటే చాలామందికి రెండూ కావాలి. ఆవిడ చెప్పిన పద్ధతి ఇది. చాబీ రోజుకో ఇంటి గేటుకి వేలాడుతుంది. ఆ రోజు చాబీ ఎవరింట్లో ఉంటే వాళ్ళే అందరి వాల్వులూ తిప్పాలి, తమ వాల్వు ఆఖర్న తిప్పుకోవాలి. అందరికీ ఒకే కొలత డ్రమ్ము. అది లోపల కాదు, గేటు బయట, వీధిలో, పదిమంది కళ్ళ ముందు నిండాలి. నిండాక లోపలికి ఎలా మోసుకుంటారో ఎవరి నడుము వాళ్ళిష్టం.

ఆఫీసరు గారు మర్యాదస్తుడు, తెలివైనవాడు. లెక్క ఆయనకి వెంటనే తట్టింది. అలాగైతే చాబీ పట్టుకున్నవాడికి నష్టం కదండీ, ఎవరు పట్టుకుంటారు అన్నాడు.

“నష్టం గాబట్టే వరసన తిప్పుతాం, బావూ. లాభవైతే దానికోసరం తన్నుకోరా?” అంది అత్త.

అంతే. మా వీధి రాజ్యాంగం మొత్తం అదే. రాసినవాడు లేడు, సంతకం పెట్టినవాడు లేడు. చాలా ఏళ్ళు నడిచింది. చాబీ రేపు మనింటికి వస్తుందంటే ఈ రోజే మొహాలు వేలాడేసుకునేవాళ్ళం. మా ఆవిడైతే చాబీ రోజున పుట్టింటివాళ్ళు రావాలనుకున్నా రావద్దని ఫోను చేసేది.

మనుషులు కదా, దొంగతనం జరక్కుండా ఉంటుందా? వీధి మలుపులో కిరాణా దుకాణం పెట్టుకున్న భయ్యా ఉన్నాడు. ఒక నౌతపాలో ఆయన డ్రమ్ము ఎంతసేపటికీ నిండదు. నేను చాబీ పట్టుకుని నిలబడి కాళ్ళు మార్చుకుంటున్నాను. అత్త వచ్చి డ్రమ్ము పక్కన స్టూలు వేసుకుని చుట్ట వెలిగించింది. చుట్ట అయిపోయింది, డ్రమ్ము నిండలేదు. లేచి డ్రమ్ము వెనక వంగి చూసింది. అడుగున కన్నం. కన్నానికి గొట్టం. గొట్టం గోడ కింద నుంచి ఇంట్లోకి పోతోంది.

“ఏటి భయ్యా, నీ డ్రమ్ము కడుపులో పాములున్నాయేటి?” అని తెలుగులోనే అడిగింది. భయ్యాకి భాష రాదు గాని భావం వచ్చింది. గల్తీ హో గయీ అత్తాజీ, తప్పయిపోయిందని చేతులు నలిపాడు.

నాలాంటి మంచివాళ్ళు కొందరు ఆయన కనెక్షను కోసెయ్యాలన్నారు. ఇంకొందరు జరిమానా అన్నారు. అత్త నా చేతిలోంచి చాబీ లాక్కుని ఆయన గేటుకి తగిలించి, నౌతపా అయ్యేదాకా ఇది ఇక్కడే ఉంటాది అంది. అప్పుడు చూడాలి ఆయన అవస్థ. రోజూ పొద్దున్నే చెమటలు కక్కుతూ ఇంటింటికీ తిరిగి అందరి డ్రమ్ములూ నింపాలి. ప్రతి గేటు దగ్గరా ఒక మాట పడాలి. చివరికి తన వాల్వు తిప్పుకుంటే పిల్లి దగ్గినట్టు ఒక చప్పుడు. నౌతపా అయ్యేసరికి మనిషి సగమయ్యాడు. ఆ తరవాత ఆయన డ్రమ్మంత నిజాయితీ గల డ్రమ్ము ఈ వీధిలో లేదు.

బయట లోకంలో తప్పు చేసినవాడి దగ్గర అధికారం తీసేసుకుంటారు. కనీసం తీసేసుకుంటామని అంటారు. మా వీధిలో తప్పు చేసినవాడికి అధికారం ఇచ్చేవాళ్ళం. ఇంతకంటే పెద్ద శిక్ష మాకు తెలీదు.

ఆ శిక్ష నాకూ పడింది. ఒక హోలీకి నాకు బుద్ధి పుట్టి, ప్రభుత్వ ఉత్తర్వు అని ఎర్ర అక్షరాలతో కాగితం ఒకటి తయారుచేయించాను. ఈ బోరు జప్తు చేయడమైనది, నీళ్ళు కావలసినవారు ఫోటోతో దరఖాస్తు చేసుకోవలెను అని. కింద సింహాలున్న గుండ్రటి ముద్ర కూడా కొట్టించాను. దాన్ని మోటారు పెట్టెకి అతికించి ఇంట్లో కిటికీ సందులోంచి చూస్తూ కూర్చున్నాను. అంత చదువుకున్నవాళ్ళు ఒక్కరు కూడా అది చింపడానికి చెయ్యి చాపలేదు. ఇద్దరు ఫోటోలు దిగడానికి బయల్దేరారు. అత్తకి చదువు రాదు. ఏమిటని అడిగింది, చెప్పారు. ఆవిడ దాన్ని పీకి, చుట్ట చుట్టి, అగ్గిపుల్ల గీసి, ఆ మంటతోనే తన చుట్ట వెలిగించుకుంది. తరవాత తిన్నగా మా గేటుకే వచ్చి చాబీ తగిలించింది. ఎలా తెలిసిందని అడిగితే, ఈ వీధిలో గవర్నమెంటు అంత పనిలేనోడివి నువ్వొక్కడివే కదా అంది.

ఇదంతా చదివి మీకు మా వీధి మీద గౌరవం కలిగితే తొందరపడకండి. ఆఫీసరు గారికి కలగలేదు. ఆయన సాయంత్రాలు నా దగ్గర కూర్చుని వాదించేవాడు. నేను ఆయన్ని వెక్కిరించేవాణ్ణి.

“పెద్ద లేకుండా పంచుకుంటున్నామని మీరంతా మురిసిపోతున్నారు. ఆవిడ ఉన్నంతకాలం మనకి కమిటీ అక్కర్లేదయ్యా, ఎందుకంటే ఆవిడే కమిటీ. మీరు భయపడేది పద్ధతికి కాదు, ఆ నోటికి. ఆ నోరు లేకపోతే ఈ పద్ధతి వారం కూడా నిలవదు” అనేవాడు.

అత్త తన చెల్లెలికి బాగులేదని ఒక ఎండాకాలమంతా శ్రీకాకుళం పోయింది కదా, అప్పుడూ చాబీ సరిగ్గానే తిరిగింది కదా అని నేనన్నాను. తిరిగొస్తుందని అందరికీ తెలుసు కదా అన్నాడాయన. ఈ గొడవంతా తీసుకెళ్ళి అత్తకే చెప్పాను. ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

“ఏటో. నాను సూడకపోతే నువ్వు దొంగవేటి?” అంది.

నన్ను అడిగిందో, నాకు చెప్పిందో నాకు ఇప్పటికీ తెలీదు. నవ్వి ఊరుకున్నాను. నవ్వడం తప్ప నాకు వచ్చిన విద్య లేదు.

పోయిన వానాకాలంలో అత్త స్నానాలగదిలో పడి తుంటి విరగ్గొట్టుకుంది. గదిలోంచి బయటికి రావడం మానేసింది. ఆఫీసరు గారికి అప్పటికే గుండె ఆపరేషను అయింది. డ్రమ్ము నీళ్ళు లోపలికి మోసే ఓపిక లేదు, గేటు లోపల సంపు కట్టించుకుంటాను, మీకేమైనా అభ్యంతరమా అని ఇంటింటికీ వచ్చి అడిగాడు. గుండె జబ్బు మనిషిని కాదని ఎవరంటారు? సరే అన్నాం. నేనూ సరే అన్నాను. భూమిలోకి తవ్వి సిమెంటు తొట్టి కట్టించి, పైన మూత పెట్టాడు.

తరవాత పక్కింటివాళ్ళకి నడుం నొప్పి వచ్చింది. వాళ్ళకీ సంపు. వాళ్ళ పక్కింటివాళ్ళకి ఏ నొప్పీ రాలేదు, అయినా సంపు. డ్రమ్ముకి అంచు కనిపిస్తుంది. సంపు కడుపు ఎంతో ఎవరికి తెలుసు? చాబీ పట్టుకున్నవాడు గేటు బయట నిలబడి అయిందా అని అరవాలి. లోపలినుంచి ఇంకొంచెం అని వినిపిస్తుంది. అలా ఇంకొంచెం ఇంకొంచెం అంటూనే ఎండలు వచ్చేశాయి. వీధి చివర ఇళ్ళవాళ్ళం, అంటే మేమూ మా పక్కవాళ్ళూ, గాలి పట్టుకుని ఇంట్లోకి వెళ్ళేవాళ్ళం. నేను హథ్‌ఖోజ్ షెడ్డు నుంచి స్కూటరు మీద క్యాన్లు కట్టుకుని నీళ్ళు తెచ్చేవాణ్ణి. దారిలో బ్రేకు వేసినప్పుడల్లా వీపు తడిసేది. మా ఇంట్లో స్నానమైంది ముందు నా చొక్కాకే.

అప్పుడు ఒక వింత జరిగింది. చాబీ మా ఇంట్లోనే ఇంకో రోజు ఉంచుకుంటాం, మాకేం కష్టం లేదు అనేవాళ్ళు తయారయ్యారు. సేవాభావం వీధి మీద వానలా కురిసింది. చాబీ చేతిలో ఉంటే రాత్రిపూట మూత కింద తమ సంపు నింపుకున్నా చూసేవాళ్ళెవరు మరి. ఒక రోజు చాబీ ఏ గేటుకీ కనిపించలేదు. ఆ రోజు అరుపులు వీధి మలుపు దాకా వినిపించాయి. మర్నాడు ఆఫీసరు గారు మోటారు పెట్టెకి తాళం వేసి, కమిటీ అయ్యేదాకా తాళం చెవి నా బాధ్యత అన్నారు. దురుద్దేశం లేదు ఆయనకి. దురుద్దేశం ఉన్నవాణ్ణైతే తిట్టి నిద్రపోయేవాణ్ణి.

ఆ సాయంత్రం అత్త వాకరు పట్టుకుని, మధ్యమధ్య ఆగుతూ, బోరు దగ్గరికి వచ్చింది. తాళాన్ని పట్టుకుని చూసింది. నేనున్నాను, ఆఫీసరు గారున్నారు. ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి కదండీ అన్నాడాయన, తల వంచుకునే.

“బాద్దెతంటే ఆకర్న తాగడం, బావూ. నీ సంపు నిండనియ్యి, అప్పుడు మాటాడదాం” అంది. తిరిగి వెళుతూ నాతో అంది. “ఇన్నాళ్ళూ చాబీ సేదు. ఎవులింటికొచ్చినా మొకం మాడ్సుకునీవోరు. ఇప్పుడది తీపైపోనాది. తీపైన్నాడే పంపకం పోనాది, అల్లుడా. తాళం ఇయాల ఏసినారు, అంతే.”

నేను ఆవిడ నుంచి విన్న మాటల్లో తిట్టు లేని మాట అదొక్కటే. అందుకే గుర్తుంది.

ఆ తరవాత కొద్ది రోజులకే పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, నోరు రెండూ పోయాయి. మేమే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. జగదల్‌పూర్‌లో ఉన్న కూతురికి కబురు చేశాం. ఆమె వెంటనే బయల్దేరింది గాని కేశ్‌కాల్ ఘాట్‌లో లారీ ఏదో అడ్డం పడి బస్సులన్నీ ఆగిపోయాయి. మధ్యాహ్నం మా ఆవిడ అన్నం తేవడానికి ఇంటికి వెళ్ళింది. నేనొక్కణ్ణే మంచం పక్కన ఉన్నాను. అప్పుడు అత్త కళ్ళు తెరిచింది. పోయిన నోరు ఒక్క క్షణం వచ్చింది. “బోరుకి తాళం తీయించీ, అల్లుడా” అంది. అంతే, పోయింది.

దహనం అయ్యాక శ్మశానం బయట అందరూ కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు ఈ మాట చెప్పాను. ఆఫీసరు గారు ఇంటికి రాగానే స్నానం కూడా చెయ్యకుండా తాళం తీశాడు. మర్నాడు పాత డ్రమ్ములు మళ్ళీ వీధిలోకి వచ్చాయి. ఆయన డ్రమ్ము కూడా వచ్చింది. చాబీ వరసన తిరిగింది. మా ఇంటికి నీళ్ళు వచ్చాయి. మా ఆవిడ ఆ నీళ్ళు చూసి ఏడ్చింది. నేను మాత్రం ఆఫీసరు గారి ముందు కాలరు ఎత్తుకుని తిరిగాను. నోరు లేకపోయినా నిలిచింది చూశారా అన్నాను.

నిలిచింది. కొన్నాళ్ళు. తరవాత అత్త మాట్లాడటం మొదలుపెట్టింది.

గుండె జబ్బువాళ్ళకి సంపు తప్పు కాదని అత్తగారు తనతో అన్నట్టు ఆఫీసరు గారికి గుర్తొచ్చింది. దుకాణంలో కూలరుకి పట్టే నీళ్ళు లెక్కలోకి రావని అత్తాజీ స్వయంగా చెప్పిందని భయ్యా కళ్ళు ఒత్తుకుంటూ చెప్పాడు. నిత్యపూజ ఉన్న ఇంటికి మొదటి డ్రమ్ము ఇమ్మందని టీచరు గారు. బతికుండగా ఎవరికీ తిట్టు తప్ప ఇవ్వని మనిషి, పోయాక ఇంటింటికీ వరాలు ఇస్తోంది. కాదనడానికి వీల్లేదు. ఆఖరి మాట నువ్వు విన్నావు, అంతకు ముందు మాట మేం విన్నాం అంటున్నారు. ఇన్నేళ్ళూ పెద్ద లేకుండా బతికిన వీధికి చివరికి పెద్ద దొరికింది. ఎదురు చెప్పదు, స్టూలు వేసుకుని కూర్చోదు, డ్రమ్ము వెనక వంగి చూడదు. ఎవరేం పలకమంటే అది పలుకుతుంది. ఇలాంటి అధ్యక్షురాలు ఏ కమిటీకి దొరుకుతుంది?

ఇప్పుడు బోరు పక్కన పాలరాయి పెడుతున్నారు. దాని మీద అత్త ఆఖరి మాట చెక్కిస్తారు. ఆదివారం మాసికం భోజనాలకి ముందు ఆవిష్కరణ. ఆఫీసరు గారు నాతో నిజాయితీగానే చెప్పారు, తన అభిప్రాయం మారలేదనీ, పోయినావిడ మాట కాబట్టి తాళం తీశాననీ, ఆ మాటే లేకపోతే ఈ రోజే మళ్ళీ వేసేవాణ్ణనీ.

మొన్న అత్త కూతురు వచ్చింది. ఇల్లు సర్ది, ఆవిడ చీరలు ఎవరెవరికో ఇచ్చి, సాయంత్రం గుమ్మంలో కూర్చుంది. నేను రాయి నమూనా కాగితం చూపించడానికి వెళ్ళాను. చదివింది. ఆమెకి తెలుగు చదవడం కష్టం, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

“భయ్యా, నేను బస్సులో ఉన్నానని అమ్మకి చెప్పావా?” అంది.

చెప్పానన్నాను.

“వినపడిందా ఆమెకి?”

వినపడే ఉంటుందన్నాను.

“అయినా బోరు గురించే అందా?”

నేను కాగితం మడతపెట్టుకుంటున్నాను. ఆమె ఏడవలేదు. వీధిలో వరసగా ఉన్న డ్రమ్ముల వైపు చూసింది.

“ఠీక్ హై. మీ అందరికీ నీళ్ళు కావాలి కదా. నాకేం కావాలి” అంది. లోపలికి వెళ్ళి టీ పెట్టింది. తాగమంది. కప్పు గడప మీద పెట్టి వచ్చేశాను.

ఈ పుస్తకం ప్రూఫులు చూసేది నేనే. సంఘంవారు మొదటి పేజీలో తమ ఫోటోలు బాగా వచ్చాయో లేదో చూస్తారు తప్ప ఇంత దూరం చదవరు. కాబట్టి ఇది అచ్చవుతుంది. ఆదివారం భోజనాల దగ్గర మీ చేతుల్లో ఉంటుంది.

అత్త ఆఖరి మాట అంటూ ఏదీ లేదు. పోయిన నోరు మళ్ళీ రాలేదు, ఒక్క క్షణం కూడా రాలేదు. తాళం తీయించమన్న మాట మొత్తం నేను కల్పించింది. చాబీ చేసినట్టే దాన్నీ చేశాను, వీధి కొలతకి సరిపోయేటట్టు. సరిపోయింది. రాయి మీద చెక్కించవలసింది ఏమీ లేదు. మిగతా ఇళ్ళవాళ్ళు చెప్పిన అత్త మాటల సంగతి నాకు తెలీదు, నా సరుకు గురించి చెబుతున్నాను. ఆదివారం తాళం వేసుకుంటారో, చాబీని మళ్ళీ చేదు చేసుకుంటారో మీ ఇష్టం. పోయినావిడ భుజం మీద పెట్టి మాత్రం చెయ్యకండి. మా ఇంటికి మళ్ళీ గాలి వస్తే రానివ్వండి. స్కూటరుంది, క్యాన్లున్నాయి.

ఇక కూతురికి. నీకు తెలుగు చదవడం కష్టమని తెలుసు, ఎవరి చేతనైనా చదివించుకో. ఆ మధ్యాహ్నం జరిగింది ఇదొక్కటే. నువ్వు బస్సెక్కావని చెవి దగ్గర వంగి చెప్పాను. ఆ తరవాత వరండాలో చెప్పుల చప్పుడు వినిపించినప్పుడల్లా మీ అమ్మ కళ్ళు తలుపు వైపు తిరిగాయి. నర్సు వచ్చింది. పక్క మంచం వాళ్ళ చుట్టాలు వచ్చారు. నేల తుడిచే ఆవిడ బకెట్టు ఈడ్చుకుంటూ వచ్చింది. వచ్చింది ఎవరో చూసి, ప్రతిసారీ కళ్ళు మూసుకుంది. కాసేపటికి మళ్ళీ చప్పుడైంది. కళ్ళు తలుపు వైపు తిరిగాయి. ఈసారి మూసుకోలేదు.